పగటి నిద్ర మానుచున్న పసిబిడ్డ

మద్నూరు కామారెడ్డి జిల్లాకు పడమటి అంచున, హైదరాబాదు నుండి నాందేడ్ పోవు రహదారిపై నున్న మండల కేంద్రము. మహారాష్ట్ర పక్కనే యున్నది. కర్ణాటకయు దూరము కాదు. అందుచే అచట తెలుగుతోపాటు మరాఠీ, కన్నడములు కూడ వినవచ్చును. బిడ్డను నిద్రపుచ్చు పాటను తెలుగువారు జోల అందురు, మరాఠీవారు అంగాయి అందురు, కన్నడిగులు జోగుళ అందురు. అయితే ఏ భాషలో పాడినను ఒకనాటికి ఆ పాట మధ్యాహ్నపు వేళ పనిచేయుట మానును. నిన్నటి వరకు అన్నము తినగనే కన్ను మూసిన మూడేండ్ల బిడ్డ నేడు పక్కమీద దొర్లును, లేచి పరుగిడును, సాయంకాలము కాగానే చిన్న మాటకు పెద్దగా ఏడ్చును. ఇది మొండితనమని కొందరు, దిష్టి తగిలినదని కొందరు అనుకొందురు. నిజమునకు ఇది మెదడు ఎదుగుదలలో ఒక మెట్టు.

నిద్ర ఎప్పుడు వచ్చునో నిర్ణయించునవి రెండు. ఈ సంగతిని స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ బోర్బేలి 1982లో స్పష్టముగా వివరించెను. మొదటిది నిద్ర ఒత్తిడి. మేలుకొని యున్నంతసేపు మెదడు కణములు శక్తిని ఖర్చు చేయుచుండును. అపుడు అడినోసిన్ అను పదార్థము కణముల నడుమ చేరుచుండును. బొట్టుబొట్టుగా నీరు పడి కుండ నిండినట్లు ఇది పెరిగిన కొలది నిద్ర ముంచుకొని వచ్చును. నిద్రపోయినచో కుండ ఖాళీ యగును. రెండవది శరీరములోని గడియారము. ఇది కంటి నరములు కలియు చోటికి కొంచెము పైన, సుమారు 20,000 నాడీకణముల గుంపుగా నుండును. వెలుతురును, చీకటిని బట్టి ఇది మెలకువకు, నిద్రకు వేళలు దిద్దుచుండును.

పసివాని కుండ చిన్నది. అందుచే నెలల బిడ్డకు గంట, రెండు గంటలకే అది నిండును. ఏడాది నిండిన బిడ్డ సాధారణముగా పగలు రెండుసార్లు పడుకొనును. రెండవ యేట ఆ రెండును ఒక్కటి యగును. తరువాత ఆ ఒక్కటియు పోవును. 2020లో అనేక పరిశోధనలను కలిపి పరిశీలింపగా, రెండేండ్లు నిండకముందే పగటి నిద్ర మానినవారు నూటికి 2.5 మంది కంటె తక్కువ అనియు, ఐదేండ్లకు 94 మంది మానుదురనియు తేలెను. కనుక మూడవ యేట ఒక బిడ్డ మానుట, పొరుగింటి బిడ్డ ఇంకను పడుకొనుట, రెండును సహజమే.

ఈ నిద్ర వలన లాభమేమి? 2013లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున రెబెకా స్పెన్సర్ బృందము 40 మంది బడి యీడుకు రాని పిల్లలకు, బొమ్మలు ఎచ్చట నున్నవో గుర్తుంచుకొను ఆట నేర్పెను. మధ్యాహ్నము నిద్రించిన నాడు వారికి బాగుగా జ్ఞాపకమున్నది. మేలుకొన్న నాడు కొంత మరచిరి. ఆ రాత్రి నిద్రతో కూడ ఆ లోటు తీరలేదు. పగటి నిద్ర అలవాటున్న పిల్లలలోనే ఈ భేదము ఎక్కువగా కనబడెను. జ్ఞాపకములను తాత్కాలికముగా దాచు హిప్పోకాంపస్ అను మెదడు భాగము చిన్న వయసులో త్వరగా నిండుననియు, అది ఎదిగినకొద్ది రాత్రి వరకు ఆగగలుగుననియు 2022లో స్పెన్సర్, ట్రేసీ రిగ్గిన్స్ ఒక ఊహను ప్రతిపాదించిరి.

కనుక అవసరము తీరని బిడ్డకు నిద్ర మాన్పింపరాదు. తీరిన బిడ్డను బలవంతముగా పండబెట్టరాదు. ఏ బిడ్డ ఏ తరగతికి చెందునో తెలిసికొనుట కష్టము కాదు. మధ్యాహ్నము పడుకొనకున్నను రాత్రి వరకు హుషారుగా నున్నచో, ఆ బిడ్డకు పగటి నిద్ర అక్కర తీరినట్లే. సాయంకాలము ఐదు గంటలకు కన్నులు నులుముకొనుచు, ఊరక ఏడ్చుచున్నచో ఇంకను తీరలేదు. నడుమ కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు, ఒకనాడు పడుకొనును, ఒకనాడు పడుకొనదు. తల్లిదండ్రులకు ఓర్పు కావలసినది ఈ నడిమి కాలముననే.

ఈ కాలములో ప్రతిదినము ఒకే వేళకు ఒక గంట ప్రశాంత సమయము ఉంచవలెను. గది కొంచెము చీకటి చేసి, బొమ్మల పుస్తకమో మెత్తని బొమ్మయో ఇచ్చి పడుకొనబెట్టిన చాలును. నిద్ర వచ్చిన సరే, రాకున్నను సరే. వేసవిలో ఈ ప్రాంతపు ఎండ ఎటులైనను మధ్యాహ్నము ఇంటిపట్టున ఉంచును గనుక ఇది సులభము. పడుకొన్నచో మూడు గంటల ప్రాంతమున లేపవలెను. ఆలస్యమైనచో రాత్రికి కుండ నిండదు. పడుకొనని నాడు రాత్రి నిద్రను గంట ముందుకు జరుపవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించిన ప్రకారము, ఒకటి రెండేండ్ల బిడ్డకు పగలు, రాత్రి కలిపి 11 నుండి 14 గంటలు, మూడు నాలుగేండ్ల బిడ్డకు 10 నుండి 13 గంటలు నిద్ర కావలెను. లెక్కకు ముఖ్యము ఈ మొత్తమే. బిడ్డ అంగన్‌వాడీకి పోవుచున్నచో అచట ఎంతసేపు నిద్రించెనో టీచరునడిగి తెలిసికొనవలెను. రాత్రి నిద్ర రాకుండుటకు కారణము అచటనే దొరకవచ్చును.

రెండు పనులు చేయరాదు. పిల్లలకు చాయ ఇయ్యరాదు. అందులోని కెఫీన్ అడినోసిన్ పనికి అడ్డుపడును. పత్తి ఏరు రోజులలో పని తెమలదని, నిద్ర కొరకు జలుబు మందో దగ్గు మందో పోయరాదు. ఇది ప్రాణాపాయము. పూర్వము బిడ్డలకు నల్లమందు పెట్టి పనికి పోవు ఆచారముండెడిది; అది ఎందరో పసివారికి ముప్పు తెచ్చెను. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేండ్ల లోపు పిల్లలకు వాడరాదని సీసాపై ముద్రింపవలెనని భారత ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించెను.

ఉన్నత పాఠశాల విద్యార్థులు ఇంటిలోని తమ్ముడినో చెల్లెలినో 14 దినములు పరిశీలింపవచ్చును. పగలు నిద్రించిన నిమిషములు, రాత్రి పడుకొన్న వేళ, ఉదయము లేచిన వేళ, సాయంకాలపు చిరాకు, ఈ నాలుగింటిని పట్టికలో వ్రాసి గ్రాఫు గీయవలెను. పగటి నిద్ర తగ్గిన నాడు రాత్రి నిద్ర పెరుగుచున్నదా? చిరాకు ఏ దినములలో ఎక్కువ? ఈ ప్రశ్నలకు ఆ గీత చెప్పు జవాబును అమ్మకు చూపినచో, మరునాడు మధ్యాహ్నము ఆ బిడ్డను పండబెట్టవలెనో వలదో ఇంటివారే నిశ్చయింపగలరు.