రాగి బయటికి పోయే దారి

మన ఒంట్లో ఉన్న రాగి అంతా కలిపితే సుమారు 100 మిల్లీగ్రాములు. రోజూ తిండితో వచ్చేదాంట్లో ఒంటికి అక్కర్లేని రాగిని కాలేయం పైత్యరసంలో కలిపి పంపించేస్తుంది. ఆ పని చేసే ప్రొటీన్‌ను తయారుచేయించే జన్యువు ఏటీపీ7బి. అది 13వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అమ్మ నుంచి వచ్చిందీ, నాన్న నుంచి వచ్చిందీ రెండూ చెడితేనే రాగి ఒంట్లో పేరుకునే విల్సన్ వ్యాధి. ఒక్కటి బాగున్నా మనిషికి ఏమీ కాదు.

వ్యాధి సుమారు 30 వేల మందిలో ఒకరికి వస్తుందని అంచనా. చెడిన జన్యువు ఒకటి మోస్తూ ఆరోగ్యంగా తిరిగేవాళ్లు మాత్రం దాదాపు 90 మందికి ఒకరు.

1912లో ఈ జబ్బును వివరించిన కినియర్ విల్సన్, ఒకే ఇంటి పిల్లల్లో ఇది కనిపిస్తోందని గుర్తించాడు. అయినా వంశపారంపర్యం కాదనే రాశాడు. తల్లిదండ్రులిద్దరూ నిక్షేపంగా ఉండే జబ్బు కదా!

కంటి నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం కనిపిస్తే అది పేరుకున్న రాగి కావచ్చు. విల్సన్ కన్నా ముందే, 1902లో కైజర్, 1903లో ఫ్లైషర్ దాన్ని చూశారు. చూపుకు దానివల్ల ఇబ్బంది లేదు. వైద్యంతో చాలామందిలో పలచబడుతుంది కూడా.

రాగి చెంబులో నీళ్లు తాగితే ఈ వ్యాధి రాదు. వ్యాధి ఉన్నవాళ్లు మాత్రం ఆ చెంబు పక్కన పెట్టాలి.

జన్యువు చెడే తీరులు వందల రకాలు. ఐరోపాలో ఒక మార్పు ఎక్కువైతే, చైనా, కొరియాల్లో మరొకటి. అందుకే చాలామంది రోగుల్లో అమ్మవైపు లోపం ఒకటి, నాన్నవైపుది వేరొకటి. మేనరికాల్లో లెక్క మారుతుంది. మేనత్త, మేనమామ పిల్లలు పెళ్లి చేసుకుంటే పుట్టే బిడ్డలో సగటున 16వ వంతు జన్యువులు రెండువైపులా ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవే. అక్క కూతుర్ని చేసుకుంటే 8వ వంతు. ఆ పూర్వీకుడిలో చెడిన జన్యువు ఉంటే అదే రెండువైపులా బిడ్డను చేరవచ్చు. మన ఇళ్లలో ఈ మాట పెళ్లిచూపులకు ముందే రావాలి.

ఇంట్లో ఒకరికి విల్సన్ వ్యాధి తేలితే తోడబుట్టిన ప్రతి ఒక్కరికీ అది ఉండే అవకాశం నాలుగింట ఒకటి. ఆడుతూ పాడుతూ ఉన్న చెల్లికీ పరీక్ష తప్పనిసరి. ఒకరిలో కామెర్లుగా బయటపడినది, ఇంకొకరిలో చేతుల వణుకుగానో, మాట ముద్దకావడంగానో, చదువులో హఠాత్తుగా వెనకబడటంగానో కనిపించవచ్చు. లక్షణాలు రాకముందే మందు మొదలుపెడితే సాధారణ జీవితం గడపవచ్చు. వంశపారంపర్య వ్యాధుల్లో ఇంత మంచి అవకాశం ఉన్నవి అరుదు.

ఏటీపీ7బికి తోబుట్టువు లాంటి జన్యువు ఏటీపీ7ఎ. ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఇది చెడితే రాగి పేగు దాటి లోపలికి రాదు. అదే మెంకిస్ వ్యాధి, ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. వాళ్ల జుట్టు ముతకగా మెలితిరిగి ఉంటుంది. రాగి తక్కువైన నేలల్లో మేసే గొర్రెల ఉన్ని గుర్తొచ్చి, 1972లో ఆస్ట్రేలియా వైద్యుడు డేవిడ్ డాంక్స్ దీని మూలం పట్టుకున్నాడు. ఈ రెండు జన్యువులూ 1993లోనే దొరికాయి.

ఇక విల్సన్ వ్యాధికి 1956లో జాన్ వాల్ష్ పెన్సిలమైన్ మందు తెచ్చాడు. రోగికి ఇచ్చేముందు తానే మింగి చూశాడు. అది రాగిని మూత్రంలోకి లాగేస్తుంది. జింక్ అయితే పేగులోనే అడ్డుకుంటుంది. ఏది వాడినా జీవితాంతం మానకూడదు. గర్భం వచ్చినా అంతే, డాక్టరు మోతాదు మారుస్తారు. అలా తల్లులైనవాళ్లు ఎందరో. భర్త బయటి సంబంధమైతే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం దాదాపు 200కి ఒకటి.