రుక్మిణీదేవి యెక్కిన రథము

మా జనగామ సీమలోని బమ్మెర పోతనగారి స్వగ్రామమని ప్రతీతి. 15వ శతాబ్దమున నాయన తెనిగించిన భాగవతమును మేము చదువునపుడెల్ల శ్రీకృష్ణుని రథము కన్నులఁ గట్టును. శైబ్య, సుగ్రీవ, మేఘపుష్ప, వలాహకములను నాలుగశ్వములు. పగ్గములు పట్టినవాఁడు దారుకుఁడు. ఒక్క రాత్రిలోనే యది యానర్తమునుండి విదర్భకుఁ బోయెనఁట!

గుఱ్ఱముల వేగమును, సారథి నేర్పును మెచ్చుట న్యాయమే. కాని యా చక్రములను గదలించిన దేమి? శిశుపాలునితోఁ బెండ్లి నిశ్చయించిన వేళ, తన మనసు దాఁచక యగ్నిద్యోతనునిచేఁ గన్య యంపిన సందేశమే గదా!

నేఁటి దేవుని తేరులకుఁ గొయ్యగుఱ్ఱములే యలంకారము. మోకులు లాగువారు భక్తులు. ఆలయ రథములకు నిత్తడి రేకుల నగిషీలు చేయుటలోఁ బేరొందిన పెంబర్తియు మా జనగామ చెంతనే కలదు. తేరు చూడఁబోయిన నాఁడు మన కూఁతులకు రుక్మిణి కథ చెప్పుదము. వారు మనసు విప్పి పలికిన మాటను మనము విందము.