మంటల్లోకి వెనక్కి వెళ్లాడు

కెనడాలోని విన్నిపెగ్ కుర్రాడు ఆండ్రూ మైనార్‌స్కీ. పోలండ్ నుంచి వలసొచ్చిన కుటుంబం. తండ్రి పోవడంతో తోలు పనిలో చేరి ఇంటికి ఆసరా అయ్యాడు. తర్వాత వాయుసేనలో గన్నర్.

అది 1944, జూన్ 12 అర్ధరాత్రి దాటిన సమయం. ఫ్రాన్స్‌లోని కాంబ్రే మీద దాడికి వెళ్లిన వాళ్ల లాంకాస్టర్ బాంబర్ మీద జర్మన్ విమానం గుళ్లు కురిపించింది. మంటలు! దూకేయమన్నాడు పైలట్. ద్వారం దాకా వచ్చిన ఆండ్రూకి, తోక దగ్గరి తుపాకీ గదిలో ఇరుక్కుపోయిన స్నేహితుడు పాట్ బ్రోఫీ కనిపించాడు. అప్పుడు దూకేసినా తప్పుపట్టేవాళ్లు లేరు. కానీ మంటల్లోంచి పాక్కుంటూ వెళ్లాడు. గొడ్డలితో కొట్టాడు, చేతులతో లాగాడు. గది కదల్లేదు. వెళ్లిపొమ్మని బ్రోఫీయే సైగ చేశాడు. ఒంటిమీద బట్టలు కాలుతుండగానే స్నేహితుడికి సెల్యూట్ చేసి దూకాడు ఆండ్రూ. కాలిన గాయాలతో చనిపోయాడు. వయసు 27.

చిత్రమేంటంటే, విమానం కూలినప్పుడు బయటికి విసిరేసినట్టు పడి బ్రోఫీ బతికాడు! అతను చెబితేనే ఈ సంగతి తెలిసింది. 1946లో ఆండ్రూకి విక్టోరియా క్రాస్ ప్రకటించారు.