భిలాయిలో భీమసేనుడు

ఒక చేత తంబూరా, మరొక చేత చిడతలు. నుదుట నిండైన బొట్టు, మెడకూ చేతులకూ ఛత్తీస్‌గఢ్ పల్లెసీమల నగలు. వేదిక నడుమ నిలిచిన స్త్రీ కథను మెల్లగా ఎత్తుకుంటుంది. హస్తినాపుర సభ, పరచిన పాచికలు, తలవంచుకు కూర్చున్న పెద్దలు - అంతవరకూ అది ఏ అమ్మమ్మో చెప్పే కథలాగే సాగుతుంది. ద్రౌపదిని సభకు ఈడ్చుకువచ్చే ఘట్టం చేరేసరికి ఆ గొంతులో గరగర మొదలవుతుంది. అడుగులు బరువెక్కుతాయి. తంబూరా ఒక్క ఊపున భుజం మీదికి లేస్తుంది. ఇక అది తంబూరా కాదు, భీమసేనుని గద. ఆ భాష తెలియని ప్రేక్షకులు సైతం నిటారుగా సర్దుకు కూర్చుంటారు.

ఆమె పేరు తీజన్‌బాయి. ఆమె చెప్పే కథారూపం పేరు పండవానీ. ఆమె పుట్టిన గనియారీ గ్రామం భిలాయి ఉక్కునగరానికి సుమారు 14 కిలోమీటర్ల దూరంలో ఉంది.

మహాభారతంలో ఉదాత్తుడైన యోధుడెవరని అడిగితే చదువుకున్నవారు సాధారణంగా అర్జునుణ్ణో భీష్ముణ్ణో పేర్కొంటారు. కొందరు కర్ణుణ్ణి పేర్కొని కంటతడి పెట్టుకుంటారు. భీముడు మాత్రం భోజనప్రియుడుగానో, కోపిష్ఠిగానో మిగిలిపోతాడు. భిలాయి చుట్టుపట్ల పల్లెల్లో లెక్క వేరు. పండవానీలో కథానాయకుడు భీముడే. ధర్మరాజు నీతులు చెప్పవచ్చు, అర్జునుడు అస్త్రాలు సంపాదించవచ్చు, శ్రీకృష్ణుడు ఉపాయాలు పన్నవచ్చు. కథ చుట్టూ మూగిన జనం ఎదురుచూసేది రెండవ పాండవుని రాక కోసం.

పండవానీ అంటే పాండవుల వాణి, పాండవుల కథ. తెలుగువారికి దీన్ని వివరించడం కష్టం కాదు, మనకు బుర్రకథ ఉన్నది గనుక. అక్కడా ప్రధాన కథకుడి చేతిలో తంబూరాయే. అక్కడా వంతపాటగాళ్ళుంటారు. వారిలో ముఖ్యుణ్ణి ‘రాగీ’ అంటారు. కథకుడు ఒక మాట అనగానే రాగీ ఊకొడతాడు, ఆశ్చర్యపోతాడు, అమాయకంగా ఓ ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్నకు సమాధానంగా కథ ముందుకు కదులుతుంది. మన బుర్రకథలో హాస్యపు వంత చేసే పని కూడా ఇంచుమించు ఇదే. హార్మోనియం, తబలా, ఢోలక్ వెనుక నుంచి తోడు నిలుస్తాయి. కథాభాగానికి ఆధారం చాలావరకు సబల్‌సింగ్ చౌహాన్ రచించిన పద్యభారతం. దాని మీద కథకుడు తన పల్లెభాషలో, తన ఊహకు తోచినట్లు కథ అల్లుకుంటూ పోతాడు.

ఇందులో రెండు సంప్రదాయాలున్నాయి. నేల మీద కూర్చుని, గ్రంథాన్ని అనుసరించి పాడేది వేదమతి. నిలబడి, నడుస్తూ, గర్జిస్తూ, ప్రతి పాత్రనూ తానే అభినయించేది కాపాలిక. చాలాకాలం స్త్రీలు పాడితే గీడితే వేదమతిలోనే పాడారు. లేచి నిలబడి మీసం మెలివేయడం, గద తిప్పడం మగవాళ్ళ సొత్తుగా చెలామణి అయింది. ఆ హద్దు దాటిన తొలి మహిళ తీజన్‌బాయి.

ఆమె 1956లో పారధి కుటుంబంలో జన్మించింది. పారధులు వేటను నమ్ముకు బతికిన జాతి. ఐదుగురు సంతానంలో ఆమె పెద్దది. మాతామహుడు బ్రిజ్‌లాల్ పారధి మనవలకు భారతకథలు వినిపించేవాడు. ఆ చిన్నపిల్ల వినీ వినీ వాటిని నోటికి పట్టేసింది. చదువు సంధ్యలు లేవు. అక్షరం ముక్క రాదు. తర్వాతి కాలంలో ఉమేద్‌సింగ్ దేశ్‌ముఖ్ అనే కళాకారుని వద్ద మెళకువలు నేర్చుకున్నది. పదమూడేళ్ళ ప్రాయంలో పొరుగున ఉన్న చంద్రఖురీ గ్రామంలో తొలిసారిగా పదిమంది ముందు పాడింది. దక్కిన పారితోషికం 10 రూపాయలు.

ఆ పది రూపాయలకు ఆమె చెల్లించిన మూల్యం చాలా పెద్దది. పన్నెండేళ్ళకే పెళ్ళయిన పిల్ల. ఆడది నలుగురిలో నిలబడి పండవానీ పాడటమేమిటని కులం వెలివేసింది. ఆమె తలవంచలేదు. చిన్న గుడిసె వేసుకుని ఒంటరిగా కాపురం పెట్టింది. వంటపాత్రలు ఇరుగుపొరుగు ఇళ్ళలో ఎరువు తెచ్చుకున్నది. ఒక్కొక్క పూట తిండి కూడా వారి దయే. పాట మాత్రం మానలేదు. నిండుసభలో ఒక స్త్రీకి జరిగిన అవమానాన్నీ, ఆ సభలో అన్నగారి మీద సైతం కన్నెర్రజేసిన ఒక్క మగవాణ్ణీ ఆమె ఏ మనసుతో అభినయించేదో ఊహించడానికి పాఠకుడికి వేరే వ్యాఖ్యానం అవసరం లేదు.

ఆమె బాల్యం నాటికి గనియారీ పొరుగున మరో మహాకావ్యం మొదలయింది. సోవియట్ యూనియన్‌తో భారత ప్రభుత్వం 1955లో ఒడంబడిక కుదుర్చుకోగా భిలాయిలో ఉక్కు కర్మాగారం లేచింది. 1959 ఫిబ్రవరిలో నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. వరిపొలాల మధ్య సెక్టార్లు, క్వార్టర్లు వెలిశాయి. దేశం నలుమూలల నుంచీ కార్మికులు తరలివచ్చారు. వారిలో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు బతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చి అక్కడే స్థిరపడిపోయాయి. దేశానికి రైలు పట్టాలు పోతపోసే ఆ కర్మాగారమే అనంతర కాలంలో తీజన్‌బాయికి ఉద్యోగమిచ్చింది. కులం వెలివేసిన పల్లెపడుచుకు కొలిమి నీడ దొరికిందన్నమాట.

నాటకరంగ ప్రముఖుడు హబీబ్ తన్వీర్ ఆమె ప్రతిభను గుర్తించి బయటి లోకానికి పరిచయం చేశాడు. ఆయన స్వయంగా రాయపూర్‌వాడు కావడం వల్ల ఆ మట్టి విలువ ఎరిగినవాడు. ఇందిరాగాంధీ సమక్షంలో ఆమె పాడింది. 1988లో దూరదర్శన్ ప్రసారం చేసిన శ్యామ్ బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’ ధారావాహికలో మహాభారత కథ ఆమె నోటనే దేశమంతటా ఇంటింటికీ చేరింది.

ఇంతకూ ఆమె భుజాన నిలిచే ఆ వీరుడు ఎటువంటివాడు? కండబలంలో సాటిలేనివాడని అందరికీ తెలిసిందే. మల్లయుద్ధంలో జరాసంధుణ్ణి చీల్చినవాడు. హిడింబునీ, బకునీ, కీచకునీ వట్టి చేతులతో మట్టుబెట్టినవాడు. బలం ఒక్కటే ఉన్నవారు భారతంలో ఇంకా ఉన్నారు. దుర్యోధనుడి గదావిద్య భీముని విద్య కన్న ఒక పాలు హెచ్చని శ్రీకృష్ణుడే అంగీకరిస్తాడు. భీముణ్ణి వేరుచేసేది ఆ బలం ఎవరి కోసం లేచిందన్న సంగతి.

ఏకచక్రపురం చూడండి. పాండవులు బిచ్చమెత్తుకుంటూ తలదాచుకున్న కాలం. ఆశ్రయమిచ్చిన బీద బ్రాహ్మణుని ఇంట ఏడ్పు వినిపిస్తుంది; బకాసురునికి ఆహారంగా వెళ్ళవలసిన వంతు ఆ ఇంటికి వచ్చింది. కుంతి భీముణ్ణి పంపుతానంటుంది. ధర్మరాజంతటివాడు వద్దని వాదిస్తాడు. భీముడు మారుమాట లేకుండా బండెడు అన్నంతో బయలుదేరతాడు. (దారిలో ఆ అన్నం తానే తినేయడం వేరే సంగతి.) విరాటుని కొలువులో మరొకటి. కీచకుని చేత సభలో తన్నులు తిన్న ద్రౌపది ఆ రాత్రి ఎవరి తలుపు తట్టింది? గాండీవం పట్టిన చేతుల వద్దకు వెళ్ళలేదు. వంటశాలకు వెళ్ళి, గరిటె పట్టిన వలలుణ్ణి నిద్రలేపింది. ఐదుగురు భర్తల్లో పిలిస్తే లేచేవాడెవరో ఆమెకు తెలుసు.

జూదసభలో మాట మరీ విచిత్రమైనది. భీష్మద్రోణులు ధర్మసూక్ష్మాల గురించి మీమాంసలో పడి ఉండగా భీముడు ధర్మరాజు వైపు తిరుగుతాడు. నిప్పు తెమ్మని సహదేవుణ్ణి కేకేస్తాడు. పాచికలు వేసిన అన్న చేతులు కాల్చేస్తానంటాడు. అర్జునుడు వారించకపోతే ఏమయ్యేదో! అన్నమాట జవదాటని తమ్ముడు ఆ ఒక్క క్షణం అన్ననే నిలదీశాడు. ఆ క్షణం కోసమే పల్లెజనం అతణ్ణి నాయకుణ్ణి చేసుకున్నారంటే అతిశయోక్తి కాబోదు.

అయితే భీముని చరిత్ర మచ్చలేనిది కాదు. గదాయుద్ధంలో నాభికి దిగువన కొట్టరాదన్నది నియమం. అతడు దుర్యోధనుని తొడలు విరగగొట్టాడు. గురువైన బలరాముడు ఆగ్రహంతో నాగలి ఎత్తాడు. దుశ్శాసనుని రొమ్ము చీల్చి నెత్తురు తాగుతానన్న ప్రతిజ్ఞ, దాన్ని తీర్చుకున్న తీరు విన్నవారికి ఒళ్ళు జలదరిస్తుంది. పండవానీ కథకులు ఈ ఘట్టాన్ని దాచరు సరిగదా, దాని మీదే రాత్రంతా గడిపేస్తారు. తీజన్‌బాయి పేరు వినగానే జనానికి జ్ఞాపకం వచ్చేదీ దుశ్శాసనవధే.

యుద్ధం ముగిశాక స్త్రీపర్వంలో గాంధారి భీముణ్ణి నిలదీస్తుంది. అతడు బుకాయించడు. ధర్మయుద్ధంలో నీ కొడుకును గెలవడం నా వల్ల కాదు, ప్రాణభయంతో అలా కొట్టానని ఒప్పుకుంటాడు. నెత్తురు సంగతి అడిగితే, అది నా పెదవులు దాటి లోపలికి పోలేదంటాడు. నూర్గురు కొడుకులను పోగొట్టుకున్న తల్లి ఎదుట నిలబడి, చేసిన తప్పును తప్పని చెప్పగలగడం ఎంతమంది వీరులకు చేతనయింది? గద తిప్పడం కన్న ఇది కష్టమైన పని.

అటువంటి పాత్ర పోషించడానికి కళాలోకం ఎప్పుడూ నిజమైన బలశాలుల కోసమే వెదికింది. 1963 నాటి ‘నర్తనశాల’లో మన భీముడు వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాల్. బి.ఆర్. చోప్రా దూరదర్శన్ భారతంలో భీముడు ప్రవీణ్‌కుమార్. 1966, 1970 ఏషియన్ క్రీడల్లో డిస్కస్ త్రోలో స్వర్ణపతకాలు గెలిచిన ఆజానుబాహువు. శ్రీకాకుళం సీమకు చెందిన కోడి రామ్మూర్తినాయుడికి లోకం ఇచ్చిన బిరుదు కలియుగ భీముడు. ఈ వరుసలో ఒక పారధి స్త్రీ వచ్చి నిలబడింది. ఆమెకు కండలు లేవు, కిరీటం లేదు, చేతనున్న గద బోలు కర్ర. అయినా ఆమె భీముడు వీరెవరికీ తీసిపోలేదు.

నేటి పిల్లలకు తెలిసిన భీముడు ఇంకొకడున్నాడు. అతడు పుట్టింది హైదరాబాదులో. రాజీవ్ చిలక 2001లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ 2008లో ‘ఛోటా భీమ్’ అనే బొమ్మల ధారావాహికను పోగో ఛానల్‌లో ప్రారంభించింది. ఢోలక్‌పూర్ అనే ఊహాపురిలో పంచె కట్టిన ఓ బాలుడు లడ్డూ తిని బలం పుంజుకుంటాడు. బడుగుల మీద జులుం చేసేవారిని చిత్తు చేస్తాడు. చుట్కీ, రాజు, జగ్గు అనే కోతి అతని నేస్తాలు. జపాను బొమ్మల కథల్లోని కుంగ్‌ఫూ వీరులకు అలవాటుపడిన పిల్లలు ఈ లడ్డూవీరుణ్ణి కూడా అక్కున చేర్చుకున్నారు. 2019లో అతడు కుంగ్‌ఫూ పోటీకి వెళ్ళే చలనచిత్రం కూడా వచ్చింది.

ఈ బొమ్మను చూసి పెదవి విరిచే పెద్దలున్నారు. వ్యాసుని భీమునికీ, ఈ పిల్లవానికీ పోలికేమిటని వారి ప్రశ్న. ప్రశ్నలో న్యాయం లేకపోలేదు; ఇతడికి ప్రతిజ్ఞలు లేవు, గాంధారి ఎదుట నిలబడవలసిన రోజు లేదు. ప్రతి కథ చివరా విజయం, లడ్డూ. ఐనా ఆపదలో ఉన్నవాడు కేక వేస్తే ముందు పరుగెత్తేవాడు భీముడన్న ఏకచక్రపు ఆనవాలు మాత్రం ఆ బొమ్మలో చెరగలేదు. లడ్డూ సంగతికొస్తే, మహాప్రస్థానంలో భీముడు కూలిపోయినప్పుడు ధర్మరాజు చెప్పిన కారణాల్లో అమితభోజనం ఒకటి కదా!

కార్టూను వీరులకు పుట్టిల్లయిన జపాను 2018లో తీజన్‌బాయిని పిలిచి ఫుకుఓకా బహుమతితో గౌరవించింది. అంతకుముందే 2003లో పద్మభూషణ్ వచ్చింది. 2019లో పద్మవిభూషణ్ వచ్చింది. విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. ఒకప్పుడు ఆడది నిలబడి పాడరాదన్న ఆ నేల మీదనే తర్వాతి తరాల ఆడపిల్లలు తంబూరా పట్టి పండవానీ నేర్చుకున్నారు. ఆంధ్రదేశంలో 1940లలోనే మోటూరి ఉదయం వంటివారు బుర్రకథ దళం కట్టి వేదికలెక్కారని ఈ సందర్భంలో గుర్తుచేసుకోవచ్చు. వారికీ పూలబాట ఏమీ దొరకలేదు.

వేదిక మీద దుశ్శాసనుడు నేలకూలతాడు. రాగీ ఊకొడతాడు. ఇంతసేపూ గాలిలో గిరగిర తిరిగిన గద నెమ్మదిగా కిందికి దిగుతుంది. ఆమె దాన్ని తన వైపు తిప్పుకుని, తీగల మీదుగా వేళ్ళు జారుస్తుంది. ఇప్పుడది ద్రౌపది కురులు.