వెతికేవారికి దొరికే విధంగా...

ఒకనాటి రాత్రి ఇషా నమాజు ముగిసిన చాలాసేపటికి మా పూర్వ విద్యార్థి ఒకరు ఫోను చేశారు. వారి గ్రామంలో ఒక వృద్ధురాలు మరణించారు. స్త్రీల మయ్యిత్‌కు గుసుల్ ఇచ్చే అలవాటున్న పెద్దావిడ ఆ రోజు ఊళ్లో లేరు. కోడళ్లు, కూతుళ్లు తామే ఆ బాధ్యత నెరవేర్చడానికి ముందుకొచ్చారు గాని వారికి పద్ధతి తెలియదు. ఉర్దూ చదవడం రాదు. తెలుగులో తెలుసుకుందామని ఫోనులో వెతికారు. “మన మదర్సా వెబ్‌సైటులో ఈ విషయం మీద వ్యాసం ఉందని మీరు చెప్పారు. ఎంత వెతికినా అది రావడం లేదు మౌలానా! ఇంట్లోవాళ్లు ఏదో వీడియో చూస్తున్నారు. అందులో చెప్పేది ఎంతవరకు సరైనదో తెలియడం లేదు” అని ఆయన వాపోయారు.

కుడివైపు నుండి ప్రారంభించడం, బేసి సంఖ్యలో కడగడం, రేగాకులు వేసిన నీళ్లు వాడటం, చివరిసారి నీళ్లలో కర్పూరం కలపడం - హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) ఉల్లేఖించిన హదీసులోని ఈ విషయాలను మేము ఆ రాత్రి ఫోనులోనే వివరించాము. పని సక్రమంగా జరిగిపోయింది, అల్‌హందులిల్లాహ్. అయినా మాకు నిద్ర పట్టలేదు. ఆ వ్యాసం రాసింది మేమే. ఎనిమిది నెలలుగా అది వెబ్‌సైటులో ఉంది. కాని అవసరమైన రాత్రి, అవసరమైన వారికి దొరకలేదు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలని దివ్య ఖుర్ఆన్ (4:58) ఆదేశిస్తోంది. జ్ఞానం కూడా ఒక అమానతే. దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టినంత మాత్రాన అప్పగించినట్లు అవుతుందా?

మరునాడు వెబ్‌సైటు పని చూసే మా యువ సహచరులతో కూర్చుని లోపం ఎక్కడుందో పరిశీలించాము. అప్పుడు తెలుసుకున్న విషయాలనే ఇక్కడ పొందుపరుస్తున్నాము. నేడు మసీదు కమిటీలు, మదర్సాలు, వంటల గురించీ కుట్లు అల్లికల గురించీ రాసే సోదరీమణులు, చిన్న వ్యాపారాలు చేసుకునే యువకులు బ్లాగర్, వర్డ్‌ప్రెస్ వంటి వేదికలపై సొంత వెబ్‌సైట్లు ప్రారంభిస్తున్నారు. వారికి ఇవి ఉపయోగపడతాయని మా ఆశ.

గూగుల్ ఎలా వెతుకుతుంది?

మదర్సాలో చదివినవారికి ముహమ్మద్ ఫుఆద్ అబ్దుల్ బాఖీ గారి ‘అల్ ముఅజమ్ అల్ ముఫహ్రస్’ సుపరిచితమే. ఆయత్‌లోని ఒక్క పదం గుర్తుంటే చాలు, ఆ పదం ఖుర్ఆన్‌లో ఎక్కడెక్కడ వచ్చిందో ఆ గ్రంథం చూపిస్తుంది. సెర్చ్ ఇంజన్ చేసే పని కూడా దాదాపు అలాంటిదే. మనం ఒక మాట టైపు చేసినప్పుడు గూగుల్ ఆ క్షణంలో ప్రపంచంలోని వెబ్‌సైట్లన్నింటినీ తిరగేయదు. ముందుగానే తయారు చేసుకున్న తన సూచికలో చూస్తుంది.

ఈ పని మూడు దశల్లో జరుగుతుంది. మొదట దాని యంత్రం లంకెలు పట్టుకుని ఒక పేజీ నుండి మరో పేజీకి వెళుతుంది. తర్వాత ఆ పేజీలో ఉన్న మాటలను సూచికలో చేర్చుకుంటుంది. చివరగా, ఎవరైనా వెతికినప్పుడు వారికి ఎక్కువగా ఉపయోగపడతాయనుకున్న పేజీలను ముందు వరుసలో పెడుతుంది. యంత్రం మన పేజీకి రాకపోయినా, వచ్చి చదవలేకపోయినా, చదివి కూడా విషయం గ్రహించలేకపోయినా వెతికేవారి దృష్టిలో మన వ్యాసం లేనట్లే. మా వెబ్‌సైటులో ఈ మూడు లోపాలూ ఉన్నాయి.

మొదట తలుపు తెరవండి

గూగుల్‌లో ‘సైట్’ అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కనే రెండు చుక్కల గుర్తు పెట్టి, ఖాళీ వదలకుండా మన వెబ్‌సైటు చిరునామా రాసి వెతికితే, సూచికలో చేరిన మన పేజీలు కనిపిస్తాయి. మేము అలా వెతికితే ఒక్క పేజీ కూడా రాలేదు. అరవైకి పైగా వ్యాసాలుండి కూడా ఒక్కటీ లేదు!

కారణం చాలా చిన్నది. వర్డ్‌ప్రెస్‌లో ‘సెట్టింగ్స్’ కింద ‘రీడింగ్’ అనే విభాగం ఉంది. అందులో సెర్చ్ ఇంజన్లు ఈ సైటును సూచికలో చేర్చవద్దని కోరే ఒక గడి ఉంటుంది. సైటు నిర్మాణంలో ఉన్నప్పుడు అసంపూర్ణమైన పేజీలు బయటపడకూడదని మావాళ్లు ఆ గడిలో టిక్కు పెట్టారు. పని పూర్తయ్యాక దాన్ని తీసేయడం మరచిపోయారు. ఎనిమిది నెలలపాటు మేము అతిథుల కోసం వండి వడ్డిస్తూ, వీధి తలుపుకు గడియ పెట్టుకుని కూర్చున్నామన్నమాట. బ్లాగర్‌లోనూ ‘సెట్టింగ్స్’లో ‘ప్రైవసీ’ అనే చోట ఇలాంటి మీట ఉంది. కొత్తగా సైటు ప్రారంభించేవారు మొట్టమొదట చూసుకోవలసింది దీన్నే.

తలుపు తెరిచాక ‘గూగుల్ సెర్చ్ కన్సోల్’ అనే ఉచిత సేవలో సైటును నమోదు చేసుకోవాలి. సైటు మనదేనని రుజువు చేశాక, ‘సైట్‌మ్యాప్’ను అక్కడ సమర్పించాలి. మన పేజీలన్నింటి చిరునామాల జాబితానే సైట్‌మ్యాప్ అంటారు. 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుండి వర్డ్‌ప్రెస్ ఈ జాబితాను తనంతట తానే తయారు చేస్తోంది. ఏ పేజీ సూచికలో చేరింది, ఏది చేరలేదు, ఎందుకు చేరలేదు, ప్రజలు ఏ మాటలతో వెతికి మన దగ్గరకు వచ్చారు అనేవన్నీ ఈ సేవ ద్వారా తెలుస్తాయి.

అక్షరం అక్షరంగానే ఉండాలి

మా రెండవ లోపం తెలుగువారిలో చాలామంది చేసేదే. పాత కరపత్రాలను ఫొటోలు తీసి బొమ్మలుగా పెట్టాము. మనిషి కంటికి అది వ్యాసమే. యంత్రానికి మాత్రం ప్రధానంగా ఒక బొమ్మ. మరికొన్ని వ్యాసాలను ప్రెస్సువారు డీటీపీ చేసిన ఫైళ్ల నుండి తీసుకున్నాము. పాత డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ఆకారాలను అమర్చారు. ఆ ఫాంటు ఉన్నంతవరకే అది తెలుగు. ఫాంటు లేనిచోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. యంత్రం చదివేది ఆ గుంపునే.

దీనికి పరిష్కారం యూనికోడ్. 1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు ప్రత్యేక స్థానం కేటాయించారు. మన ఫోన్లలో టైపు చేసే తెలుగు యూనికోడే. మన పేజీలో ఉన్నది అసలైన తెలుగేనా అని తెలుసుకోవడానికి సులభమైన పరీక్ష ఒకటుంది. అందులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి, ఫోనులో ఎవరికైనా సందేశంగా పంపండి. తెలుగుగానే వెళితే సరే. పిచ్చి అక్షరాలుగా మారినా, అసలు కాపీ కాకపోయినా ఆ వ్యాసాన్ని మళ్లీ టైపు చేయవలసిందే. మేము పద్నాలుగు వ్యాసాలను మళ్లీ టైపు చేయించాము. సెలవుల్లో పెద్ద తరగతి విద్యార్థులే ఆ పని చేశారు. బొమ్మ తప్పనిసరైన చోట, అందులో ఏముందో తెలిపే ఒక చిన్న వాక్యాన్ని ‘ఆల్ట్ టెక్స్ట్’ అనే గడిలో రాయాలి. కంటిచూపు లేని సోదరుల ఫోను ఆ వాక్యాన్నే వారికి చదివి వినిపిస్తుంది. అందుచేత ఇందులో పుణ్యం కూడా ఉంది.

శీర్షికలో విషయం ఉండాలి

మూడవ లోపం మాదే. గుసుల్ గురించిన మా వ్యాసానికి మేము పెట్టిన పేరు ‘అంతిమ ప్రయాణం’. వినడానికి బాగుంది. కాని ఇంట్లో మయ్యిత్‌ను ఉంచుకుని ఏ కోడలు ఆ మాటతో వెతుకుతుంది?

ఈ విషయంలో మనకు ఇమామ్ బుఖారీ (రహ్మ) ఆదర్శం. ఆయన తన ‘సహీహ్’ను కితాబులుగా, బాబ్‌లుగా విభజించి, బాబ్‌లకు విషయాన్ని సూచించే శీర్షికలు పెట్టారు. ఆయన ధర్మావగాహన ఆ శీర్షికల్లోనే తెలుస్తుందని విద్వాంసులు అంటారు. కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయన్న హదీసు ఆ గ్రంథంలో ఏడు చోట్ల వస్తుంది. విశ్వాసం గురించి వెతికేవారికీ, నికాహ్ గురించి వెతికేవారికీ, ప్రమాణాల గురించి వెతికేవారికీ అది వారి వారి చోటనే దొరుకుతుంది. జ్ఞానం గలవాడు వెతికేవాడి అవసరాన్ని ముందే ఆలోచిస్తాడు.

కనుక వ్యాసం పేరు మార్చాము: ‘మయ్యిత్‌కు గుసుల్ ఇచ్చే విధానం’. లోపల ‘కావలసిన వస్తువులు’, ‘ఎవరు స్నానం చేయించాలి?’, ‘స్త్రీలకు కఫన్ ఎలా?’ అని ఉపశీర్షికలు పెట్టాము. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అక్షరాలను పెద్దవి చేసి, నల్లగా ముద్దగా పెట్టినంత మాత్రాన యంత్రం దాన్ని ఉపశీర్షికగా గుర్తించదు. రాసే పెట్టెలో ‘హెడింగ్’ అనే మీట ఉంటుంది, దాన్నే వాడాలి.

మరో చిక్కు మన వర్ణక్రమాలది. ఒకరు జకాత్ అంటారు, మరొకరు జకాతు. రంజాన్, రమజాన్, రమదాన్ మూడూ వాడుకలో ఉన్నాయి. అరబీ పదం తెలియనివారు ‘మరణించినవారికి స్నానం’ అని వెతుకుతారు. అందుచేత వ్యాసం మొదటి పేరాలోనే ఒకసారి అరబీ పదాన్నీ, ఒకసారి తెలుగు మాటనూ సహజంగా వచ్చేలా రాయడం మంచిది.

పేజీ చిరునామా విషయంలోనూ శ్రద్ధ కావాలి. వర్డ్‌ప్రెస్‌లో ‘పర్మాలింక్స్’ కింద ‘పోస్ట్ నేమ్’ ఎంచుకోవాలి. శీర్షిక తెలుగులో ఉంటే చిరునామా కాపీ చేసినప్పుడు శాతం గుర్తులతో చాంతాడంత అవుతుంది. కనుక ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటల చిరునామా మనమే ఇవ్వడం మేలు. బ్లాగర్‌లో తెలుగు శీర్షిక పెడితే చిరునామాలో విషయం తెలియజేసే మాట ఏదీ ఉండదు. ప్రచురించక ముందే ‘కస్టమ్ పర్మాలింక్’ రాసుకోవాలి. ఒకసారి ఇచ్చిన చిరునామాను తరచూ మార్చకూడదు. ఇల్లు మారి కొత్త చిరునామా చెప్పనివారికి ఉత్తరాలు చేరవు కదా!

ఫోనులో చదివేవారి కోసం

మన ఇళ్లలో చదివేది ఎక్కువగా ఫోనులోనే. గూగుల్ యంత్రం కూడా పేజీ ఫోనులో ఎలా ఉంటుందో దాన్నే ప్రమాణంగా తీసుకుంటుంది. ప్రచురించిన ప్రతి వ్యాసాన్నీ మామూలు ఫోనులో తెరిచి చూడాలి. కెమెరా నుండి తీసిన ఫొటోలను అలాగే పెడితే పేజీ బరువెక్కి, సిగ్నలు బలహీనంగా ఉన్న పల్లెల్లో తెరుచుకోదు. వాటిని చిన్నవిగా చేసి పెట్టాలి. ఒక వ్యాసం చివర దానికి సంబంధించిన మరో వ్యాసానికి లంకె ఇవ్వాలి. గుసుల్ చదివినవారికి జనాజా నమాజు విధానం అవసరమవుతుంది. ఆ లంకెల వెంటే యంత్రమూ నడుస్తుంది.

మోసానికి తావు లేదు

సైటు కనిపించాలన్న ఆత్రంలో కొందరు అడ్డదారులు తొక్కుతారు. ఒకే మాటను యాభైసార్లు రాస్తారు. తెల్లని పేజీ మీద తెల్లని అక్షరాలతో మాటలు దాచిపెడతారు. ఇతరుల వ్యాసాలు ఎత్తి తమ పేరుతో పెట్టుకుంటారు. డబ్బిచ్చి లంకెలు కొంటారు. ఒక సైటు మరో సైటుకు లంకె ఇవ్వడం ఒక విధమైన సాక్ష్యం. కొన్న లంకె కొన్న సాక్ష్యంతో సమానం. ఇవన్నీ గూగుల్ నియమాలకు విరుద్ధం. దొరికితే పేజీలు వెనక్కి నెట్టబడతాయి, లేదా సూచిక నుండే తొలగించబడతాయి.

విశ్వాసికి ఆ భయం రెండవది. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపల తడి ఉన్నట్లు గమనించారు. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించి, మోసగాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. శీర్షికలో ఒకటి చెప్పి, లోపల మరొకటి పెట్టేవారు ఈ హదీసును గుర్తు చేసుకోవాలి. డబ్బిస్తే మీ సైటును మొదటి స్థానంలో నిలబెడతామని హామీ ఇచ్చేవారినీ నమ్మవద్దు. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది.

దొరికే ముందు సరిచూసుకోవాలి

గడిలోని టిక్కు తీయడం ఒక్క క్షణం పని. కాని మేము వెంటనే తీయలేదు. ఇకపై ఈ వ్యాసాలు ఎవరికైనా దొరుకుతాయి, దొరికినవారు వాటి ప్రకారం ఆచరిస్తారు అన్న ఆలోచన మమ్మల్ని ఆపింది. మరో మదర్సాకు చెందిన ఒక ఉస్తాదు గారిని అన్నింటినీ పరిశీలించమని కోరాము. జకాత్ వ్యాసంలో ఒక అంకె తప్పుగా టైపు అయింది. వేరొక వ్యాసంలో హదీసు మూలం పొరపాటుగా పడింది. ఎనిమిది నెలలు ఆ తప్పులు ఎవరి కంటా పడలేదు. అవి ఎవరికీ దొరకకపోవడం అల్లాహ్ దయేనని అప్పుడనిపించింది. సరిదిద్దిన తర్వాతే తలుపు తెరిచాము. ప్రతి వ్యాసం కింద రాసినవారి పేరు, హదీసుల మూలాలు, సరిచూసిన తేదీ ఉండేలా నియమం పెట్టుకున్నాము.

సూచికలో చేరడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, కొన్ని వారాలూ పట్టవచ్చు. సహనం కావాలి. దాదాపు నెలన్నర తర్వాత సెర్చ్ కన్సోల్‌లో చూస్తే, ‘ఆడవాళ్ల మయ్యిత్ స్నానం ఎలా’ అని వెతికి ఎవరో మా పేజీ తెరిచినట్లు కనిపించింది. ఆ సంఖ్య ఒకటే. ఆ ఒక్కరు ఎవరో, ఏ ఊరివారో మాకు తెలియదు. ఆ ఇంట మరణించిన వారిని అల్లాహ్ మన్నించుగాక! వారికి దొరికింది సరైనదే అయ్యేలా శ్రమించే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.