ఐసు ఖర్చు దండగ కాదు

తెల్లవారింది. పడవలు ఒడ్డుకు చేరాయి. ఆడవాళ్లు పాటలో చేపలు కొన్నారు. గంపల్లో వేసుకున్నారు. ఒక కోడలు ఐసు కొనబోయింది. అత్త ఆపింది.

"డబ్బు దండగ! ఎట్లాగూ పొయ్యి మీద ఉడికేవే గదా. క్రిములన్నీ చస్తాయిలే" అంది.

అత్త మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం ఏమిటో చూద్దాం.

సముద్రం నీటిలో కంటికి కనిపించని క్రిములు ఉంటాయి. కొన్ని ఆ నీటిలోనే పుడతాయి. కొన్ని ఊరి మురుగుతో వచ్చి కలుస్తాయి. ఇవి చేపలకు, రొయ్యలకు అంటుకుంటాయి. గుల్లలు నీటిని వడగట్టి మేత తింటాయి. అందుకే మురుగు కలిసే చోట గుల్లల్లో క్రిములు ఎక్కువగా చేరతాయి.

1950లో జపాన్ దేశంలోని ఒసాకాలో చిన్న చేపలు తిని 272 మంది జబ్బు పడ్డారు. 20 మంది చనిపోయారు. దానికి కారణం సముద్రపు క్రిమి ఒకటి. వెచ్చగా ఉంటే క్రిములు తొందరగా పెరుగుతాయి. 20 నిమిషాలకు ఒకటి రెండైతే, గంటకు 8 అవుతాయి. 4 గంటలకు 4 వేలు దాటుతాయి! చల్లగా ఉంటే పెరగడం తగ్గుతుంది. బాగా ఉడికిస్తే చస్తాయి. అత్త మాటలో నిజం ఇదే.

మరి మిగతా సగం? కానాగంతలు, కవళ్లు, సూర చేపలు ఎండలో ఉంటే క్రిములు వాటి కండలో ఒక విషం తయారు చేస్తాయి. దాని పేరు హిస్టమిన్. ఉడికిస్తే క్రిమి చస్తుంది గాని విషం పోదు. వేయించినా పోదు. ఉప్పు పెట్టి ఎండబెట్టినా పోదు. ఒక్కోసారి చేప వాసన కూడా రాదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడుతుంది. దద్దుర్లు, దురద, తలనొప్పి వస్తాయి. ఊపిరి ఆడకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఏం చేయాలి?

1. చేప చేతికి రాగానే ఐసు వేయాలి. కిలో చేపకు కిలో ఐసు.
2. రేవులో మురుగు కలిసిన నీటితో చేపను కడగకూడదు. మంచినీళ్లు వాడాలి.
3. పచ్చి చేప కోశాక చేతులు, కత్తిపీట సబ్బుతో కడగాలి. ఆ తర్వాతే వండినవి ముట్టుకోవాలి.
4. కూర లోపలిదాకా ఉడకాలి. ఉడికినా నోరు తెరవని గుల్లను పారేయాలి.

కోడలు ఇదంతా అత్తకు చెప్పింది. అత్త కాసేపు ఆలోచించింది. తల మీది గంప కిందికి దించింది.

"అయితే నా గంపలో కూడా వెయ్యవే!" అంది.