కెమెరా కంటే ముందు కాగితం ఎందుకు?

జగిత్యాల జిల్లా (పాత కరీంనగర్) లంబాడిపల్లిలో 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానెల్ చూశారా? కూలి పనులకు వెళ్తూ, బీడీలు చుట్టిన గంగవ్వను ఊరూరికీ తెలిసేలా చేసింది అదే.

మీరూ వీడియో తీస్తారా? ముందు స్క్రిప్టు రాయండి. ఎందుకంటే షూటింగ్ కథ వరుసలో సాగదు. బావి దగ్గరి సీన్లు మొదటివైనా చివరివైనా ఒకేసారి తీసేస్తారు. కాగితం లేకపోతే ఏ ముక్క ఎక్కడిదో తెలియదు.

ఎలా రాయాలి? సీను నంబరు, చోటు, పగలా రాత్రా. ఆపై కనిపించేది, వినిపించేది మాత్రమే. ‘మల్లేశుకు బాధగా ఉంది’ అంటే కెమెరాకేం దొరుకుతుంది? ‘సద్ది గిన్నె పక్కకు జరిపాడు’ అని రాయండి.

స్క్రిప్టు అయ్యాక పనులు పంచుకోవాలి. దర్శకత్వానికి, కెమెరాకు అందరూ ఎగబడతారు. మైకు పట్టేవాళ్లే దొరకరు. నన్నడిగితే ముందు వెతకాల్సింది వాళ్లనే. ఇంకొకరు నటుల బట్టలు, చేతిలోని వస్తువులు రాసిపెట్టుకోవాలి. లేకుంటే గడప బయట ఎర్ర చొక్కా, లోపల నీలం చొక్కా!